లెక్కలో అయిదో మనిషి

"నా ఖర్చు నేనే పెట్టుకుంటానండీ. ఒకరి మీద పడి తినే అలవాటు మా ఇంటావంటా లేదు" అని ఆ రోజు నేను ఫోనులో అనకుండా ఉంటే ఈ గొడవంతా ఉండేది కాదు. కాలు జారితే తీసుకోగలం గాని నోరు జారితే తీసుకోలేం అంటారు. నా నోరు సింగపూర్‌లోని పుంగ్గోల్‌లో, మా పదకొండో అంతస్తు వంటింట్లో, వంకాయలు తరుగుతూ ఉండగా జారింది.

అది కిందటేడు ఏప్రిల్. అంతకుముందు ఆగస్టులో మా అమ్మాయి ఆమనికి ఇక్కడి బ్యాంకులో ఉద్యోగం వస్తే, అమెరికా నుంచి అయిదుగురం సామాను కట్టుకుని సింగపూర్ వచ్చేశాం. ఆమని, అల్లుడు చక్రధర్, మనవరాలు కీర్తిక, మనవడు పృథ్వీ, నేను. నా పేరు శ్యామలాదేవి. మాది అనకాపల్లి. మా ఆయన కరెంటాఫీసులో పనిచేసేవారు. ఆయన పోయాక ఆ పింఛను నా పేరున వస్తోంది, నెలకు ఇరవై నాలుగు వేలు. నా పొగరంతా ఆ పింఛను చూసుకునే.

అమెరికా వదిలి వచ్చినా ఆమనికి అక్కడి పౌరసత్వం ఉంది, నాకు గ్రీన్‌కార్డు ఉంది. అలాంటివాళ్ళు ఎక్కడున్నా ఏటా అమెరికా పన్ను కాగితాలు వేయాల్సిందేనట. సింగపూర్‌లో తెలుగువాళ్ళకు ఆ పని చేసిపెట్టే పెద్దమనిషి వీరభద్రరావు గారు. ఆ శనివారం ఆమని ఆయనతో స్పీకరులో మాట్లాడుతోంది.

"మీ అమ్మగారు మీ డిపెండెంటే కదమ్మా?" అని ఆయన అడిగారు.

"అవునంకుల్" అంది ఆమని.

నేను కత్తిపీట పక్కన పెట్టి వచ్చాను. "డిపెండెంటంటే ఏటే?"

"ఏం లేదమ్మా. మనింట్లో మనిషి అని."

నాకు ఇంగ్లీషు రాదని దాని ధైర్యం. ఇంటరు దాకా చదివినదాన్ని, ఆ మాత్రం తెలుసు. చెయ్యి కొంగుకు తుడుచుకుని ఫోను దగ్గర కూర్చుని, పైన చెప్పిన మాట అనేశాను. అంతటితో ఊరుకున్నానా అంటే, అదీ లేదు. కూరగాయలు నేనే కొంటానని, నా మందులు నేనే కొనుక్కుంటానని కూడా చెప్పాను.

వీరభద్రరావు గారు, "ఆమనీ, ఇది విన్నాక విననట్టు నేను కాగితం రాయలేనమ్మా. మీరంతా కూర్చుని మాట్లాడుకోండి. విదేశాల్లో ఉన్నవాళ్ళకి జూన్ పదిహేను దాకా టైముంది" అని పెట్టేశారు.

ఆమని నావైపు చూసిన చూపు చిన్నప్పుడు దాని పలక నేను పగలగొట్టినప్పుడు చూసిన చూపే. "నిన్నెవరడిగారమ్మా?" అంది.

"ఆయనే అడిగాడు. నా గురించి నన్నడగొద్దా?"

ఆ పూట భోజనాల దగ్గర నాకు అసలు సంగతి బోధపడింది. అమెరికాలో చక్రధర్ ఉద్యోగం పోయినప్పుడు దానితోపాటు ఇంటిల్లిపాది ఆరోగ్య బీమా కూడా పోయింది. ఆమనిది కాంట్రాక్టు పని, దానికి బీమా లేదు. ఆ దేశంలో బీమా లేకుండా తుమ్మాలన్నా భయమే. అందుకని సర్కారు వారి సంతలో బీమా కొన్నారు. ఆదాయం తక్కువ ఉన్నవాళ్ళకు ప్రీమియంలో చాలా భాగం సర్కారే ముందుగా కంపెనీకి కట్టేస్తుంది. ఈ ఏడు మాకింత వస్తుందని మనం చెప్పిన అంచనాను నమ్మి కడుతుంది. ఏడాది గడిచాక అసలు ఆదాయం చూస్తుంది. ఎక్కువ ఇచ్చామని తేలితే పన్ను కాగితాల్లో వెనక్కి లాక్కుంటుంది.

ఆమని అంచనా రాసిన రోజున సింగపూర్ ఊసే లేదు. తీరా ఆగస్టులో పెద్ద జీతం, చేరినందుకు బోనసు వచ్చాయి. విదేశంలో సంపాదించిన దాని మీద అక్కడ పన్ను పడదు కదా అని మొగుడూ పెళ్ళాలిద్దరూ ధీమాగా ఉన్నారు. పన్ను పడని మాట నిజమే. బీమా లెక్కలోకి మాత్రం ఆ జీతం అణాపైసలతో వస్తుందని వీరభద్రరావు గారు చెప్పేదాకా వాళ్ళకు తెలియదు.

"ఇంట్లో అయిదుగురమైతే మన ఆదాయం వాళ్ళు పెట్టిన గీతకి ఇవతల ఉంటుందమ్మా" అని ఆమని చపాతీ ముక్కతో పళ్ళెంలో గీత గీసి చూపించింది. "అప్పుడు వెనక్కి కట్టేదానికి లిమిట్ ఉంటుంది. మూడు వేల డాలర్ల చిల్లర, అది నా జీతంలోంచి సర్దుకోగలం. మనుషులు తగ్గితే గీతా కిందికి దిగుతుంది. నలుగురమైతే దాటేస్తాం. అప్పుడు లిమిట్ లేదు. మొత్తం పదకొండు వేలు కట్టాలి."

"నలుగురేటే? నేను లేనా? ఆ ఇంట్లో నేను చీపురు పట్టని రోజుందా?"

"వాళ్ళ లెక్కలో ఇంట్లో మనిషంటే ఇంట్లో ఉండే మనిషి కాదు. మన మీద ఆధారపడ్డ మనిషి. నువ్వు కాదని చెప్పేశావు కదా."

పైగా నా వయసు వాళ్ళకు ప్రీమియం ఎక్కువట. సర్కారు ఇచ్చిన దాంట్లో సగానికి పైగా నా ఒక్కదాని కోసమే ఇచ్చింది. గోరుచుట్టు మీద రోకటి పోటు అంటే ఇదే అనుకున్నాను.

"ఎందులోంచి కడతారు?" అని అడిగాను.

ఆమని మొగుడివైపు చూసింది. చక్రధర్ మంచినీళ్ళ సీసా తెస్తానని లేచాడు. అప్పుడర్థమైంది. చక్రధర్‌కు ఉద్యోగం పోయినప్పుడు కంపెనీ ఇచ్చిన సొమ్ములో ఖర్చు పెట్టకుండా ఒక పదివేల డాలర్లు విడిగా ఉంచారు. అది చక్రధర్ చదువు కోసం. ఏం చదువంటారా? పసిపిల్లల బడిలో టీచరు అయ్యే చదువు. పదిహేనేళ్ళు సాఫ్ట్‌వేర్‌లో చేసిన మగమనిషి, నలభై దాటాక, మూడేళ్ళ పిల్లలకు అక్షరాలు దిద్దించడం నేర్చుకుంటాడట. జూలైలో మొదలు, ఏడాది కోర్సు. సీటు కూడా వచ్చింది. మొదటిసారి విన్నప్పుడు నేను, "ఉద్యోగం లేక ఊసుపోక అంటున్నాడులే" అనుకున్నాను. పైకి మాత్రం మంచిదే బాబూ అన్నాను.

అంతలో పృథ్వీ అందుకున్నాడు. వాడికి ఎనిమిదేళ్ళు, వాడికి తెలియని సంగతి లేదు. ఇక్కడివాళ్ళలా మాట చివర 'లా' తగిలించడం కూడా అప్పుడే నేర్చేశాడు. "అమ్మమ్మా, డాడీ ఈజ్ డిపెండెంట్, నేనూ అక్కా ఆల్సో. మా పాస్ మీద ఉంది. యూ ఆర్ ఓన్లీ విజిటర్ లా."

ఈ దేశంలో ఉండటానికి బయటినుంచి వచ్చిన ప్రతివాడికీ ఒక పాసు ఇస్తారు. ఉద్యోగం ఉన్న ఆమనికి ఒకరకం, దాన్ని పట్టుకుని వచ్చిన మొగుడికీ పిల్లలకూ ఇంకోరకం, నాకు మూడోరకం. "పృథ్వీ, తిను" అంది ఆమని. చక్రధర్ సీసా తెచ్చి అందరి గ్లాసుల్లోనూ నీళ్ళు పోశాడు.

వారాలు గడిచినా నేను దిగిరాలేదు. ఒక మాట మార్చుకుంటే చాలునని ఆమని రోజూ ఏదో ఒక వంకతో చెబుతూనే ఉంది. ఉన్నదే చెప్పమ్మా, అబద్ధం ఆడమనడం లేదు అనేది. నాకేమో ఆ మాటే మింగుడు పడేది కాదు. మా అమ్మ నా ఇంటికి వస్తే బియ్యం మూట, పప్పుల సంచి వెంట తెచ్చుకునేది. కూతురింట్లో ఉన్నన్నాళ్ళూ అల్లుడి గింజ తినలేదని చెప్పుకుని మురిసేది. ఆ తల్లి కడుపున పుట్టి, అల్లుడి తిండి తింటున్నానని పరాయి దేశం సర్కారుకు రాసివ్వాలా?

కోపం ముదిరి ఒకరోజు కింద దుకాణానికి వెళ్ళి రెండు కిలోల బియ్యం సంచి, చిన్న గిన్నె కొనుక్కొచ్చాను. "ఇవాళ్టినుంచి నాది నేను వండుకుంటాను" అని ప్రకటించాను. ఆమని ఆఫీసుకు, పిల్లలు బడికి వెళ్ళాక ఇంట్లో మిగిలేది నేనూ చక్రధర్ మాత్రమే. వంట ఆయనది.

"అలాగేనండి అత్తయ్యగారు. ముందు మీరు వండేసుకోండి, తరవాత నేను పెట్టుకుంటాను" అన్నాడు. అమలాపురం మనిషి, మాటకు ముందొక అండీ వెనకొక అండీ.

"మీకు కోపం రాదేటి బాబూ?"

"దేనికండీ?"

అన్నం వండుకున్నాను గాని కూర సంగతి ఆలోచించలేదు. ఉత్త అన్నం ముందు పెట్టుకుని కూర్చుంటే, ఏ మాటా లేకుండా ములక్కాడల పప్పుచారు గిన్నె నా పక్కన పెట్టి బట్టలు మడతెట్టుకోవడానికి వెళ్ళిపోయాడు. పప్పుచారు మీద నాకేం కోపం లేదు కదా, తిన్నాను. మర్నాడు కూడా అంతే జరిగింది. మూడోనాడు నా బియ్యం తీసుకెళ్ళి వాళ్ళ డబ్బాలో పోసేశాను.

మే నెల మధ్యలో ఒక సాయంత్రం వాన పడి వెలిసింది. కాళ్ళు సాగుతాయని కిందికి దిగాను. ఇక్కడ ప్రతి బ్లాకు కిందా గోడలు లేకుండా స్తంభాల మీద ఖాళీ జాగా ఉంటుంది. పెళ్ళిళ్ళూ అక్కడే, చావు కార్యాలూ అక్కడే. ఆ రోజు అక్కడ ఏడెనిమిది మంది పిల్లలు చుట్టూ కూర్చుని ఉన్నారు. చీనా పిల్లలు, మలాయ్ పిల్లలు, మన పృథ్వీ. మధ్యలో మా అల్లుడు ఒంటికాలి మీద కొంగలా నిలబడి ఉన్నాడు.

కొంగ చేప కోసం చూస్తోంది. పిల్లలు ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. ఎదురింటి మలాయ్ వాళ్ళ చంటిది ఉంది, మాట తొందరగా రాలేదని వాళ్ళమ్మ బెంగపడుతూ ఉంటుంది. ఆ పిల్ల మెల్లగా లేచి, చెయ్యి చాపి, "ఫిష్" అంది. కొంగ ఎగిరి గంతేసి చేపను పట్టుకుంది. చుట్టూ పిల్లలు నవ్వులే నవ్వులు. పక్కన లిఫ్టు కోసం నిలబడ్డ ఆ పిల్ల తల్లి సంచులు కింద పెట్టేసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

నేను చెంపలు వేసుకోలేదు గాని, ఊసుపోక చేసే పని ఇలా ఉండదని మాత్రం అనుకున్నాను. మా చిన్నప్పుడు అలాంటి పంతులు ఒక్కడున్నా నేను ఇంటరుతో ఆగేదాన్ని కాదు.

కీర్తిక బడినుంచి వచ్చి నా పక్కన నిలబడింది. దానికి పదమూడు. చెవుల్లోంచి పాటలు వినే ఆ తెల్ల ముక్కలు తీసి జేబులో వేసుకుంది.

"మీ నాన్న బాగా చేస్తాడే" అన్నాను.

"నో యూజ్ లా, అమ్మమ్మా. హీ ఈజ్ గివింగ్ అప్ ద సీట్. మెయిల్ రాసి పెట్టాడు, నేను చూశాను. ఫ్రైడేలోగా ఫీ కట్టాలి కదా. నెక్స్ట్ ఇయర్ చేస్తాడట." సంచి భుజం మార్చుకుని అంది, "డాడీ నెక్స్ట్ ఇయర్ అంటే నెవర్."

ఆ పిల్ల గొంతులో నా మీద ఏ నిష్ఠూరమూ లేదు. ఉండి ఉంటే కాస్త నయంగా ఉండేది, తిట్టి ఊరుకునేదాన్ని.

మర్నాడు పొద్దున బట్టలు ఆరేసే వేళ. ఇక్కడ బట్టలు ఇంట్లో వెదురుగడలకు ఎక్కించి, వంటింటి కిటికీలోంచి ఆ గడను బయటికి తోసి గోడకున్న గొట్టంలో గుచ్చాలి. పదకొండో అంతస్తులో నాకా పని భయం. నేను బట్టలు గడకు తొడిగి క్లిప్పులు పెడతాను, చక్రధర్ గడ ఎత్తి బయట పెడతాడు.

"సీటు వదిలేస్తన్నారటగా" అన్నాను.

"కీర్తిక చెప్పిందాండీ?" ఆయన క్లిప్పులు ఏరుకుంటూ అన్నాడు. "వచ్చే ఏడు చూసుకోవచ్చండి. ఎక్కడికీ పోదు."

"నా మీద కోపంగా ఉంటే తిట్టండి బాబూ. ఇలా మెత్తగా మాట్లాడితే నాకు ఊపిరాడదు."

"కోపం ఏంటండీ. ఆమనికి కూడా అదే చెప్పాను, అత్తయ్యగారిచేత బలవంతాన ఆ మాట అనిపించొద్దని."

"ఎందుకనీ?"

ఆయన గడ ఎత్తి బయట గుచ్చి, కిటికీ ఇవతలికి వచ్చాక చెప్పాడు. "పోయిన నెల బ్యాంకులో అకౌంటు తెరవడానికి వెళ్ళానండి. ఆ అమ్మాయి నా పాసు చూసి, ఏం పని చేస్తారు అన్న చోట నేను చెప్పకముందే డిపెండెంట్ అని టైపు కొట్టేసింది. తప్పేం లేదండి, పాసు మీద ఉన్నదే కదా. ఇంటికొచ్చి ఆ పూట అన్నం తినలేకపోయాను. ఆ మాట ఎలా ఉంటుందో నాకు తెలుసండి. ఆ బాధ మీకెందుకు?"

అని ఖాళీ బుట్ట తీసుకుని లోపలికి వెళ్ళిపోయాడు. నేను కిటికీ దగ్గరే నిలబడ్డాను. ఆ పూట ఆయన వంకాయ కూర చేస్తే నేనే పళ్ళాలు పెట్టి, పక్కన కూర్చుని, ఇంకొంచెం వడ్డించమని అడిగి మరీ తిన్నాను. అత్తగారు అడిగి వడ్డించుకోవడం ఆయనకు కొత్త. గరిటె నిండుగా వేశాడు.

గురువారం ఆమని ఆఫీసుకు వెళ్ళాక చీర మార్చుకుని వచ్చాను. "బాబూ, నన్ను పాయా లేబర్ తీసుకెళ్ళండి" అన్నాను.

"ఏం పనండీ?"

"ఉంది."

చెప్పులేసుకునేదాకా ఆయన రెండోమాట అడగలేదు.

పాయా లేబర్‌లో వీరభద్రరావు గారి ఆఫీసు ఒక మాల్ వెనక బిల్డింగులో చిన్న గది. డెబ్బై దగ్గర పడ్డ మనిషి, ఏసీ చలికి స్వెట్టరు వేసుకుని కూర్చున్నారు. కింద టీ అమ్మే హాకర్ దగ్గర ప్లాస్టిక్ కవర్లో కట్టించుకొచ్చిన టీని మూడు కప్పుల్లోకి వంచి, మా ముందు పెట్టి, "చెప్పండమ్మా" అన్నారు.

"ఆ రోజు ఫోనులో ఒక మాట అనీసేను. అది సరైన మాట కాదు."

ఆయన చక్రధర్ వైపు చూశారు. "ఎవరైనా చెప్పిస్తే చెబుతున్నారా? చెప్పించిన మాట నాకొద్దు. ఉన్నది కావాలి."

"నేనెందుకొచ్చానో ఈయనకి ఇప్పటిదాకా తెలీదండి" అన్నాను. చక్రధర్ మొహం చూస్తే ఎవరికైనా ఆ సంగతి తెలిసిపోతుంది.

"అయితే పోయినేడాది సంగతి అడుగుతాను, ఆలోచించి చెప్పండి. మీరున్న గదికి అద్దె ఎవరు కట్టారు?"

"వాళ్ళే."

"తిండి?"

"కూరగాయలు నేను..." అనబోయి, "కూరగాయలు సగం నేను. బియ్యం, పాలు, నూనె, మిగతావన్నీ వాళ్ళే" అన్నాను.

"మీ బీమాకి సర్కారు కట్టింది పోగా మిగతాది?"

"వాళ్ళే."

"కంటి ఆపరేషను చేయించుకున్నారని ఉంది. బీమా ఇవ్వని ఖర్చులు?"

"వాళ్ళేనండి."

వాళ్ళే అన్న మాట మొదటిసారి బయటికి రావడానికి మొరాయించింది. నాలుగోసారికి నోరు అలవాటు పడింది. ఆయన నా పింఛను ఏడాదికెంతో రాసి, డాలర్లలోకి మార్చారు. అనకాపల్లిలో అంత బరువుగా ఉండే అంకె ఆయన కాగితం మీదికి వచ్చేసరికి చిక్కి శల్యమైపోయింది.

"మూడున్నర వేలు కూడా లేదమ్మా. మీ ఖర్చులో నాలుగో వంతు రాదు. సర్కారు పెట్టిన ఆదాయం హద్దుకి కూడా లోపలే ఉన్నారు. మీరు న్యాయంగా ఈ ఇంటి లెక్కలో మనిషే" అన్నారు వీరభద్రరావు గారు. "రేపు ఎవరైనా అడిగితే నా దగ్గర ఉండాలి. రెండు ముక్కలు మీ నోటితో చెప్పండి, రాసుకుంటాను. ఫలానా వారి మీద ఆధారపడి ఉన్నానని. పన్ను కాగితం భార్యాభర్తలిద్దరిదీ కలిపే కనక ఎవరి పేరు చెప్పినా ఒకటే."

ఆమని పేరు నాలుక చివర్న ఉంది. కన్నకూతురు. దాని మీద ఆధారపడ్డానంటే లోకం కూడా ఒప్పుకుంటుంది. ఎందుకో నోరు తిరగలేదు. నా నోరు సంగతి మొదటే చెప్పాను కదా, అది నా చెప్పుచేతల్లో ఉండదు.

"నేను మా అల్లుడు చక్రధర్ మీద ఆధారపడి ఉన్నాను" అన్నాను.

వీరభద్రరావు గారు తలెత్తలేదు, రాసుకున్నారు. పక్కన చక్రధర్ టీ కప్పు ఎత్తినవాడు ఎత్తినట్టే ఉండిపోయాడు.

తిరుగు ప్రయాణంలో సెరంగూన్‌లో రైలు మారాం. ఆయన నాకు సీటు చూసి, పక్క సీటు ఖాళీ అయితే కూర్చున్నాడు.

"అత్తయ్యగారండీ. ఆయన అడిగింది డబ్బు సంగతండి. జీతం ఆమనిది కదా. నా పేరెందుకు చెప్పారు?"

"ఆపరేషనుకి డబ్బు ఆమని కట్టింది, కాదన్లేదు. నెల్లాళ్ళు వేళ తప్పకుండా నా కంట్లో చుక్కలు వేసిందెవరు?"

"అది లెక్కలోకి రాదండీ."

"మీ వీరభద్రరావు గారి లెక్కలోకి రాపోతే మానె. అమెరికాలో మంచు కురిసినప్పుడు జారకుండా నా చెప్పుల కింద ఇసక జల్లిందెవరు? ఇక్కడ ఈ రైళ్ళూ ఈ కార్డులూ నాకు నేర్పిందెవరు? అలిగి ఉత్తన్నం ముందెట్టుకుంటే పప్పుచారు తెచ్చిందెవరు? నేనెవరి మీద ఆధారపడి ఉన్నానో నాకు తెలీదేటి?"

పుంగ్గోల్ వెళ్ళే ఆ రైలు మొత్తం భూమి లోపలే నడుస్తుంది. కిటికీలో చీకటి తప్ప కనబడేది ఏమీ ఉండదు. అయినా చక్రధర్ అదే పనిగా కిటికీలోకి చూస్తూ కూర్చున్నాడు. ఎదుటి సీటు ముసలాయన మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, గొడవ పడ్డామనుకున్నాడో ఏమో, నావైపు జాలిగా తలూపాడు.

పుంగ్గోల్‌లో దిగి ఎస్కలేటర్ దగ్గరికి నడుస్తూ చక్రధర్ ఆగాడు. జేబులోంచి ఫోను తీశాడు.

"ఆ కాలేజీ ఫీజు ఇప్పుడే కట్టేయనాండీ?"

"నన్నడుగుతారేటి బాబూ? మీ ఇష్టం, ఆమని ఇష్టం."

"ఆమనికి రైలెక్కే ముందే మెసేజ్ పెట్టానండి. కట్టెయ్యమంది. మీరు నా మీద ఆధారపడ్డ మనిషి కదా, ఇంత ఖర్చు పెట్టేముందు మీకు కూడా చెప్పాలి కదండీ."

మొహం చూస్తే వేళాకోళం లేదు. నిజంగానే అడుగుతున్నాడు. ఇంటి ఖర్చు సంగతి నన్నడిగి చేసినవాళ్ళు నా జన్మలో ఎవరూ లేరు, మా ఆయనతో సహా. నాకు ఏడుపొచ్చింది. వచ్చిందని ఒప్పుకోవడానికి సిగ్గేం లేదు.

"కట్టీయండి" అన్నాను. "ఏడాది తిరిగేసరికి ఆ పసివాళ్ళందరూ మిమ్మల్ని టీచర్ అని పిలవకపోతే మాత్రం ఊరుకోను."

"అలాగేనండి."

అక్కడే, వచ్చేపోయేవాళ్ళు మమ్మల్ని తప్పుకుని వెళుతూ ఉండగా, ఆయన ఫోనులో ఏవో నొక్కి, ఒకసారి నాకు చూపించి, ఫీజు కట్టాడు. తరవాత ఇద్దరం ఎస్కలేటర్ ఎక్కాం. పైకి వచ్చేసరికి మళ్ళీ వాన మొదలైంది. గొడుగు ఒక్కటే ఉంది. నేను ఆయన మోచెయ్యి పట్టుకున్నాను.